మిర్చి యార్డులో ప్రైమరీ కీ

ఆ అమ్మాయి రెజ్యూమేలో ‘స్ట్రెంగ్త్స్’ అన్న శీర్షిక కింద నాలుగు మాటలున్నాయి: హార్డ్ వర్కింగ్, క్విక్ లెర్నర్, టీమ్ ప్లేయర్, పాజిటివ్ యాటిట్యూడ్. ఆ ఉదయం నుంచి నా చేతికొచ్చిన పదకొండు రెజ్యూమేల్లో ఏడింటిలో ఇవే మాటలు. కొన్నిట్లో వరుస కూడా ఇదే.

గుంటూరు జిల్లాలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో క్యాంపస్ డ్రైవ్ అది. టెక్నికల్ రౌండ్ చేయడానికి మా కంపెనీ తరఫున హైదరాబాద్ నుంచి ఇద్దరం వెళ్లాం. ఒక్కొక్కరికి పావుగంట. ఆ అమ్మాయిని డేటాబేస్ ప్రశ్నలతో మొదలుపెట్టాను. ప్రైమరీ కీ అంటే ఏమిటని అడిగితే, పట్టికలో ఏ రెండు వరుసలూ కలిసిపోకుండా ఒక్కోదాన్ని విడిగా గుర్తుపట్టే కాలమ్ అని పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పింది. అది లేకపోతే ఏమవుతుందని అడిగితే ఆగిపోయింది. నీ బలం ఏమిటని నా సహోద్యోగి అడిగారు. ‘ఐ యామ్ ఎ హార్డ్ వర్కింగ్ పర్సన్ సర్’ అంది. ఒక ఉదాహరణ చెప్పమన్నారు. తల దించుకుంది. చేతిలో రుమాలు నలిగిపోతోంది.

టైమ్ దాదాపు అయిపోయింది. టెన్షన్ కాస్త తగ్గుతుందేమోనని తెలుగులో మామూలుగా అడిగాను, సెలవుల్లో ఏం చేస్తుంటావమ్మా అని.

“ఏం లేదు మేడం, ఇంట్లోనే ఉంటాను. పోయిన సంక్రాంతికి మాత్రం నాన్న బదులు యార్డులో లెక్కలు రాశాను.”

వాళ్ల నాన్న గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ వ్యాపారి దగ్గర గుమాస్తా. కంటి ఆపరేషన్ అయి మూడు వారాలు ఇంటిపట్టున ఉండాల్సొస్తే, ఈ అమ్మాయి వెళ్లి ఖాతా పుస్తకం రాసింది. రెండో వారంలో ఒక రైతు తన సరుకు డబ్బు తక్కువొచ్చిందని గొడవపడ్డాడు. ఈమె కాటా చీటీలన్నీ ముందేసుకుని పొద్దుపోయేదాకా కూర్చుంది. ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్న రైతులు ఇద్దరున్నారు. ఊళ్లు వేరు. ఒకరి టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఇంకొకరి ఖాతాలో ఎక్కాయి. మర్నాటి నుంచి పుస్తకంలో పేరు పక్కన రెండు గడులు గీసింది. ఒకటి ఊరికి, ఇంకొకటి ఫోన్ నంబరులో చివరి నాలుగు అంకెలకి. వాళ్ల నాన్న మళ్లీ పనిలోకి వెళ్లాక కూడా ఆ గడులు అలాగే ఉంచారట.

“ఇది ముందే ఎందుకు చెప్పలేదమ్మా?”

“అది ఎక్స్‌పీరియన్స్ కాదు కదా మేడం. యార్డు పనే కదా.”

ప్రైమరీ కీ లేకపోతే ఏమవుతుందో ఆ గదిలో ఉన్న ముగ్గురిలో కళ్లారా చూసింది ఆమె ఒక్కతే. రైతు డబ్బు తారుమారవడం చూసింది, కారణం వెతికింది, మళ్లీ జరగకుండా దారి కట్టింది. పుస్తకంలో ఆ కాలమ్‌కి ఉన్న పేరూ, యార్డులో తను గీసిన గడీ ఒకటేనని ఆమెకు ఎవరూ చెప్పలేదు, అంతే.

ఆ రోజు ఆమె ఎంపిక కాలేదు. ఈ సంగతి బయటికొచ్చేసరికి పావుగంటలో మిగిలింది రెండు నిమిషాలు. అప్పటికే ఫారంలో చాలా గడులు నిండిపోయాయి. సాయంత్రం జాబితా ఖరారు చేసేటప్పుడు నేను వాదించాను, కానీ కటాఫ్‌కి ఒకటిన్నర మార్కు తగ్గింది. నాలుగేళ్లయింది. ప్రతి డ్రైవ్‌కి వెళ్లేటప్పుడు ఆ రుమాలు గుర్తొస్తుంది. ఈ వ్యాసం రాయడానికి కారణం కూడా అదే.

మన పిల్లలకు బలాలు లేక ఇంటర్వ్యూలు పోవడం లేదు. తాము చేసిన పనుల్లో ఏవి చెప్పుకోదగ్గవో వాళ్లకు తెలియక, ఎవరో ఇచ్చిన విశేషణాలు పట్టుకుని లోపలికి రావడం వల్ల పోతున్నాయి. పన్నెండేళ్లుగా టేబుల్‌కి ఇటువైపు కూర్చుని చూశాక నాకు గట్టిగా అనిపిస్తున్నది ఇదే.

ఆ విశేషణాలు ఎక్కడి నుంచి వస్తాయో అందరికీ తెలుసు. ఫైనల్ ఇయర్‌లో సీనియర్ల నుంచి ఒక ఫైల్ వాట్సాప్‌లో వస్తుంది. ‘మైసెల్ఫ్ ఫలానా, ఐ యామ్ ఫ్రమ్ ఫలానా, మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్, మై మదర్ ఈజ్ ఎ హౌస్‌వైఫ్, మై హాబీస్ ఆర్ ప్లేయింగ్ క్రికెట్ అండ్ లిజనింగ్ టు మ్యూజిక్, దట్స్ ఆల్ అబౌట్ మీ.’ మార్చాల్సినవి పేరూ ఊరూ మాత్రమే. పిల్లల్ని తప్పుపట్టలేను. మొదటి క్లాసు నుంచి ప్రశ్నకి ఒక సరైన జవాబు ఉంటుందనీ, దాన్ని బట్టీ పట్టాలనీ నేర్పాం. నీ గురించి చెప్పు అన్నా వాళ్లకు అదొక ప్రశ్నే, దానికీ ఒక గైడు ఉండాల్సిందే.

దీనికి తోడు ఇంటి పెంపకం. ‘నిండు కుండ తొణకదు’ అని వింటూ పెరిగాం. తన గురించి తాను చెప్పుకుంటే సొంత డబ్బా అంటారు. ఈ పెంపకం మీద నాకు గౌరవం ఉంది, దాన్ని వదులుకోమని ఎవరికీ చెప్పను. కానీ ఒకటి గమనించండి. ‘నేను చాలా కష్టపడి పనిచేసే మనిషిని’ అనడమే నిజానికి డబ్బా. అది తన మీద తాను ఇచ్చుకున్న తీర్పు. ‘కాటా చీటీలు ముందేసుకుని పొద్దుపోయేదాకా కూర్చున్నాను, ఇద్దరు రైతుల పేర్లు కలిసిపోయాయని తెలిసింది, రెండు గడులు గీశాను’ అనడంలో పొగడ్త ఏముంది? జరిగింది చెప్పడమే. తీర్పు వినేవాళ్లు చెప్పుకుంటారు. మన మర్యాదకు సరిపడే పద్ధతి ఈ రెండోదే. పైగా ఉద్యోగం తెచ్చిపెట్టేదీ అదే.

ఇది నా అభిప్రాయం మాత్రమే కాదు. ఇంటర్వ్యూలో వచ్చిన మార్కులకీ, తర్వాత ఉద్యోగంలో ఆ మనిషి పనితీరుకీ ఎంత సంబంధం ఉందో మనస్తత్వ శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా లెక్కలు తీస్తున్నారు. సున్నా అంటే చీటీలు వేసి మనుషుల్ని ఎంచుకున్నట్టు, ఒకటి అంటే అంచనా అచ్చంగా ఫలించినట్టు. 2022లో శాకెట్, మరి ముగ్గురు కలిసి పాత అధ్యయనాలన్నిటినీ తిరగేసి ప్రచురించిన విశ్లేషణలో, అందరినీ ఒకే రకం ప్రశ్నలు ముందుగా అనుకున్న కొలతల ప్రకారం అడిగే ఇంటర్వ్యూకి 0.42 వచ్చింది. తోచింది అడుగుతూ సాగే పిచ్చాపాటీ ఇంటర్వ్యూకి 0.19. ఎన్నేళ్ల అనుభవం ఉందన్న లెక్కకి వచ్చింది 0.07. ఒక పద్ధతిగా జరిగే ఇంటర్వ్యూల్లో ఎక్కువగా అడిగేది గతంలో నువ్వు చేసిన పని గురించే. ‘గడువు దగ్గరపడి పని మిగిలిపోయిన సందర్భం ఒకటి చెప్పు’ అంటారు. విశేషణాలు బట్టీ పట్టినవాళ్లు ఆగిపోయేది సరిగ్గా ఇక్కడే.

ఈ ప్రశ్నలకు జవాబు చెప్పే పద్ధతిని స్టార్ అంటారు. సిచ్యుయేషన్, టాస్క్, యాక్షన్, రిజల్ట్ అన్న ఇంగ్లిష్ మాటల మొదటి అక్షరాలు అవి. డెవలప్‌మెంట్ డైమెన్షన్స్ ఇంటర్నేషనల్ అనే అమెరికన్ సంస్థ 1974లో తెచ్చింది. సందర్భం ఏమిటి, నీ మీద ఉన్న బాధ్యత ఏమిటి, నువ్వేం చేశావు, ఫలితం ఏమైంది. ట్రైనింగ్ సెంటర్లలో దీన్ని కూడా బట్టీ పట్టిస్తున్నారు కానీ, నిజానికి మన అమ్మమ్మలు ఏ సంగతి చెప్పినా ఈ వరుసలోనే చెబుతారు. అలా చెప్పడం మనకు కొత్త కాదు. ఏ సంగతి చెప్పాలో తేల్చుకోవడమే కష్టం.

అందుకే నా దగ్గరికి వచ్చే పిల్లలతో ముందు రెజ్యూమే మూయించేస్తాను. ఒక నోట్‌బుక్ తెమ్మంటాను. గత ఐదారేళ్లలో ఎవరైనా నిన్ను నమ్మి ఒక పని అప్పగించిన సందర్భాలు రాయి అంటాను. ఉద్యోగమే కానక్కర్లేదు. అమ్మ డ్వాక్రా సంఘం పుస్తకాలు రాసిపెట్టడం, హాస్టల్ మెస్ కమిటీలో కూరగాయల లెక్క చూడటం, వినాయక చవితి చందాలు వసూలు చేసి పైసాతో సహా లెక్క అప్పజెప్పడం, తాతని హాస్పిటల్‌కి తీసుకెళ్లి ఆరోగ్యశ్రీ కాగితాల కోసం నాలుగు కౌంటర్లు తిరగడం. మొదటి రోజు రెండో మూడో వస్తాయి. ఒక వారం రోజులు నోట్‌బుక్ పక్కనే పెట్టుకుంటే పదో పన్నెండో అవుతాయి. ఈ వారం తొందరపెట్టకూడదు. మనసు మెల్లగా తవ్వుకుంటూ వెళ్తుంది. చాలామంది విషయంలో అన్నిటికంటే మంచి సంగతి నాలుగో రోజో ఐదో రోజో బయటపడింది.

రాయడం తెలుగులోనే రాయాలి. దీని మీద చాలామంది నాతో విభేదిస్తారు, ఎలాగూ చెప్పాల్సింది ఇంగ్లిష్‌లో కదా అంటారు. కానీ సంగతి జరిగింది తెలుగులో. రైతు గొడవపడింది తెలుగులో. ముందే ఇంగ్లిష్‌లో రాయడానికి కూర్చుంటే తెలిసిన ఇంగ్లిష్‌లో పట్టేంత సంగతే కాగితం మీదికి వస్తుంది, మిగతాది జారిపోతుంది. తెలుగులో పూర్తిగా రాసి, ఎవరికైనా ఒకసారి నోటితో చెప్పి, ఆ తర్వాత చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లోకి తెచ్చుకుంటే భాష సాదాగా ఉన్నా సంగతి చెక్కుచెదరదు. మా కంపెనీలో వ్యాకరణం తప్పుల వల్ల పోయినవాళ్లు తక్కువ. చెప్పడానికి ఏమీ లేనట్టు కనిపించి పోయినవాళ్లు ఎక్కువ.

భాష గురించే ఇంకో మాట. శ్రీకాకుళం జిల్లా పారసాంబ నుంచి వచ్చిన రోణంకి గోపాలకృష్ణ 2016 సివిల్స్‌లో దేశంలో మూడో ర్యాంకు తెచ్చుకున్నారు. మెయిన్స్ తెలుగులో రాశారు. 275 మార్కుల ఇంటర్వ్యూ కూడా దుబాసీ సాయంతో తెలుగులోనే ఇచ్చారు. ప్రైవేటు కంపెనీల్లో ఆ సౌకర్యం లేదు నిజమే. ఇంగ్లిష్ నేర్చుకోక తప్పదు, ఆ విషయంలో పిల్లలకు అబద్ధపు ధైర్యం చెప్పను. కానీ బోర్డు ముందు నిలబెట్టేది మనిషి ఆలోచనేనని నమ్మడానికి ఆయన ఉదాహరణ నాకు చాలాసార్లు పనికొచ్చింది.

ఇక ‘మేము’ గురించి. తెలుగులో మనకు ‘నేను చేశాను’ అనడం ఎబ్బెట్టు. ప్రాజెక్ట్ గురించి అడిగితే ‘చేశాం సర్’, ‘అయిపోయింది సర్’ అంటాం. పని దానంతటది అయిపోయినట్టు చెబుతాం. నలుగురు కలిసి చేసిన ప్రాజెక్టులో నలుగురూ విడివిడిగా వచ్చి ‘మేము డెవలప్ చేశాం’ అంటే, ఎవరు కోడ్ రాశారో, ఎవరు రిపోర్ట్ టైప్ చేశారో, ఎవరు డబ్బిచ్చి అమీర్‌పేటలో కొనుక్కొచ్చారో నాకెలా తెలుస్తుంది? టీమ్ గురించి ఒక వాక్యం చాలు. ఆ తర్వాత ‘అందులో లాగిన్ పేజీ, డేటాబేస్ నావి’ అని చెప్పాలి. వేరేవాళ్ల పనిని వాళ్ల పేరుతోనే చెప్పడం కూడా ఇందులో భాగమే. ‘డిజైన్ నా ఫ్రెండ్ చేసింది, నాకు అది రాదు’ అన్న ఒక అబ్బాయికి ఆ నిజాయితీకే నేను ఒక మార్కు ఎక్కువ వేశాను.

అమీర్‌పేట అన్నాను కాబట్టి ఒక కష్టమైన విషయం మాట్లాడాలి. మైత్రీవనం చుట్టూ ఉన్న ఇన్‌స్టిట్యూట్లు తక్కువ ఫీజుకి జావా, ఒరాకిల్, శాప్ నేర్పి వేలాది మందిని ఉద్యోగాల్లో నిలబెట్టాయి. ఆ మేలు మరచిపోకూడదు. కానీ అదే చుట్టుపక్కల ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టించే కన్సల్టెన్సీలూ ఉన్నాయి. మూడేళ్ల అనుభవం, లేని కంపెనీ, దొంగ పే స్లిప్పులు. ఇంట్లో అప్పుచేసి మరీ కడతారు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికిపోయి, చేరిన ఐదో నెలలో లాప్‌టాప్ అప్పగించి వెళ్లిపోయిన కుర్రాణ్ణి నేను లిఫ్ట్ దాకా దిగబెట్టాను. పనిలో చురుకైనవాడు. వాళ్లమ్మకి ఏం చెప్పాలో తెలియడం లేదని ఒకే మాట అన్నాడు. పైన చెప్పిన 0.07 గుర్తు చేసుకోండి. ఏ ఏళ్ల లెక్క కోసం అంత ప్రమాదంలోకి దూకాడో, ఆ లెక్క పనితీరు గురించి చెప్పేది అంత కొంచెం. ఇందులో కంపెనీల తప్పూ ఉంది. ఫ్రెషర్ నేర్చుకోగల పనికి కూడా రెండేళ్ల అనుభవం అడిగేది మేమే.

రెజ్యూమేలో ఖాళీ ఏళ్లు కూడా ఇలాగే భయపెడతాయి. తెలుగు రాష్ట్రాల్లో ఈ ఖాళీ చాలాసార్లు గ్రూప్స్ ప్రిపరేషన్. తెలంగాణ గ్రూప్-1నే చూడండి. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. అక్టోబర్‌లో ప్రిలిమ్స్ రాశారు, పేపర్ లీకవడంతో 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్లీ రాశారు, సెప్టెంబర్‌లో హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్, జూన్‌లో మూడోసారి ప్రిలిమ్స్. ఈ రెండేళ్లూ అశోక్‌నగర్ గదుల్లో, చిక్కడపల్లి లైబ్రరీలో గడిపిన మనిషి ఇంటర్వ్యూకి వచ్చి గొంతు తగ్గించి ‘గ్యాప్ ఉంది మేడం’ అంటుంటే నాకు బాధేస్తుంది. ఆ గ్యాప్ అతను చేసింది కాదు. అలా వచ్చిన ఒకతన్ని ఆ రోజుల్లో దినచర్య ఏమిటని అడిగాను. ఆరుగురు కలిసి సిలబస్ పంచుకున్నారు. ఇతను ప్రతి ఆదివారం వంద ప్రశ్నల పేపర్ తయారుచేసి, ఆరుగురివీ దిద్ది, ఎవరు ఏ అంశంలో వెనకబడ్డారో పట్టిక వేసేవాడు. ఏడాదిన్నర పాటు ఒక్క ఆదివారం తప్పలేదు. మా డాక్యుమెంటేషన్ టీమ్‌కి అచ్చంగా అలాంటి మనిషే కావాలి. ఇప్పుడు అక్కడే పనిచేస్తున్నాడు.

పెళ్లి, పిల్లల తర్వాత తిరిగి ఉద్యోగాలకు వచ్చే ఆడవాళ్లకి కూడా ఇదే చెబుతాను. ‘ఇన్నేళ్లూ ఏమీ చేయలేదు’ అన్న మాట నోటి నుంచి రానివ్వకండి. ఏం చేశారో చెప్పండి, ఎందుకు ఆగారో ఒక్క వాక్యంలో చెప్పండి, ఇప్పుడు మళ్లీ నేర్చుకున్నది ఏమిటో చూపించండి. అంతకుమించి సంజాయిషీ ఎవరికీ ఇవ్వక్కర్లేదు.

బలహీనత ప్రశ్న గురించి ఎక్కువ చెప్పను. ‘ఐ యామ్ ఎ పర్‌ఫెక్షనిస్ట్’ అని ఎవరూ నమ్మని జవాబు బదులు, నిజంగా ఉన్న ఒక లోటూ, దాన్ని సర్దుకోవడానికి చేస్తున్న ఒక పనీ చెబితే చాలు.

నా తోటి ఇంటర్వ్యూయర్లతో కూడా మాట్లాడాలి. ఇంటర్వ్యూ అంటే పక్షపాతానికి తలుపు తెరవడమేనన్న అనుమానం మన దేశంలో ఊరికే పుట్టలేదు. కేంద్ర ప్రభుత్వం కింది స్థాయి ఉద్యోగాలకు 2016 జనవరి 1 నుంచి ఇంటర్వ్యూలు ఎత్తేసింది. తెలంగాణ 2022లో గ్రూప్-1కి కూడా తీసేసింది. ప్రైవేటు రంగంలో మాత్రం ఆ అధికారం ఇంకా మన చేతుల్లోనే ఉంది. పావుగంటలో ఒక కుటుంబం తలరాత మార్చగల అధికారం. అలాంటప్పుడు మొదటి పన్నెండు నిమిషాలు నిర్వచనాలు అప్పజెప్పించుకుని, అసలు ప్రశ్నని చివరి మూడు నిమిషాలకు వదిలేస్తే తప్పు అభ్యర్థిది ఎలా అవుతుంది? ఆ అమ్మాయి విషయంలో ఆ తప్పు నాది. అప్పటి నుంచి నా మొదటి ప్రశ్న మార్చుకున్నాను. ‘నిన్ను నమ్మి ఎవరైనా అప్పగించిన పని ఒకటి చెప్పు. కావాలంటే తెలుగులో మొదలుపెట్టు’ అంటాను. గదిలో గాలి మారిపోతుంది. వాలిన భుజాలు లేస్తాయి. ఆ తర్వాత టెక్నికల్ ప్రశ్నలకు కూడా మెరుగ్గా చెబుతారు.

నా మొదటి ఇంటర్వ్యూ 2009లో. మాంద్యం రోజులు, ఆఫర్ లెటర్లు చేతిలో ఉన్నవాళ్లకే పిలుపు రాని కాలం. ఇంటర్ నుంచి ఐదేళ్లపాటు మా వీధిలో పిల్లలకు లెక్కలు చెప్పి ఆ డబ్బుతో హాస్టల్ ఫీజు కట్టుకున్నాను. ఆ సంగతి నేను చెప్పలేదు, వాళ్లు అడగలేదు. ఆ ఉద్యోగం రాలేదు. ఇప్పుడు ఆలోచిస్తే, లెక్క అర్థంకాని పిల్లాడికి మూడు రకాలుగా విడమరచి చెప్పడం అక్కడ నేర్చుకున్నదే. ఈ రోజు నా ఉద్యోగంలో సగం అదే పని.

నిన్న రాత్రి మా పిన్ని కొడుకు సత్తెనపల్లి నుంచి ఫోన్ చేశాడు. డిప్లొమా అయింది, గురువారం ఒక గోదాములో సూపర్‌వైజర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ. వాడి నోట్‌బుక్‌లో ఏడు సంగతులొచ్చాయి. రెండు వేసవులు వాటర్ ప్లాంటులో క్యాన్లు వేసే పని చేశాడు. ఖాళీ క్యాన్లు తిరిగి రావడం లేదని ఓనరు రోజూ అరుస్తుంటే, వీడు క్యాన్లన్నిటికీ పెయింటుతో నంబర్లు వేసి, ఏ ఇంటికి ఏ నంబరు వెళ్లిందో రాయడం మొదలుపెట్టాడు.

“ఇది కూడా చెప్పొచ్చా అక్కా?” అన్నాడు.

“ఇదే ముందు చెప్పాలిరా. నంబర్లు వేశాక పోయేవి ఎంత తగ్గాయి?”

“బాగా తగ్గాయక్కా.”

“బాగా అంటే ఎన్ని?”

వాడికి గుర్తులేదు. పుస్తకం ప్లాంటులోనే ఉందట. పొద్దున్నే వెళ్లి, రెండు వేసవుల లెక్కలూ చూసుకుని ఫోన్ చేస్తానన్నాడు.